క్వార్కులు నేర్పడానికి కిట్ కొనాలా, గోళీలు చాలా?

ఫిబ్రవరి దగ్గర పడుతోందంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "సార్, 28న సైన్స్ డే. ఈసారి రామన్ ఎఫెక్ట్ చార్టు కాకుండా కొత్తగా ఏదైనా చేద్దామని ఉంది. పార్టికల్ ఫిజిక్స్ మీద ఆటలూ పజిళ్లూ ఉన్నాయటగా, ఏది తెప్పించమంటారు?" తెప్పించడం సంగతి తర్వాత. క్లాసులో ఎంతమంది, ఎన్ని పీరియడ్లు ఇస్తారు, మీ ఊళ్లో డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) దొరుకుతుందా అని నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. సగం మందికి ఆ మూడు జవాబులతోనే తేలిపోతుంది.

తీరిక లేనివాళ్ల కోసం నా సలహా ముందే చెప్పేస్తాను. ఒక్క పీరియడే ఉంటే గోళీలు. రెండు మూడు పీరియడ్లు ఉంటే గోళీల తర్వాత క్వార్కు కార్డులు (ప్రోటాన్ లోపలుండే చిన్న కణాలే క్వార్కులు). ఇంటర్ పిల్లలైతే కణాల ఢీకొనుడు చిత్రాలు ప్రింట్ తీసి ముందు పెట్టండి. కణాల దారులు కంటికి కనపడేలా చేసే క్లౌడ్ చాంబర్ పెట్టె చేస్తామని మాత్రం డ్రై ఐస్ చేతికి అందాకే నోటీసు బోర్డులో రాయండి. డబ్బు పోసి కొనే బోర్డు గేములు అన్నిటికంటే చివర.

ఎందుకు ఈ వరుస? నేను ఏ ఆటనైనా ఒక చిన్న పరీక్ష పెట్టి చూస్తాను. ఆటలో కణాల పేర్లు తీసేసి వాటి స్థానంలో కూరగాయల పేర్లు పెట్టండి. ప్రోటాన్ బదులు వంకాయ, ఎలక్ట్రాన్ బదులు బెండకాయ. ఆట ఏమాత్రం తేడా లేకుండా నడిచిపోయిందా, అందులో ఫిజిక్స్ లేనట్టే. ఒక సైన్స్ ఫెయిర్‌లో పిల్లలు ఎంతో కష్టపడి రంగులు వేసి "కణాల వైకుంఠపాళి" చేశారు. ఫోటాన్ గడిలో నిచ్చెన, న్యూట్రినో గడిలో పాము. ముద్దుగా ఉంది. కానీ న్యూట్రినో పాము ఎందుకయిందో ఆడినవాళ్లకీ తెలియదు, చేసినవాళ్లకీ తెలియదు. నియమాన్ని పిల్లలే తవ్వి తీయాల్సిన ఆట అయితేనే నాకు నచ్చుతుంది. ఈ పోలికంతా ఆ లెక్క ప్రకారమే.

గోళీలు

రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగం తొమ్మిదో తరగతి పాఠంలోనే వస్తుంది. పిల్లలు బొమ్మ వేసేస్తారు, మూడు పరిశీలనలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. కంటికి కనపడని వస్తువు సైజు, దాన్ని కొట్టి చూస్తే ఎలా తెలుస్తుందో మాత్రం ఆ బొమ్మలో ఉండదు. అమెరికాలో ఫిజిక్స్ టీచర్ల కోసం నడిచే క్వార్క్‌నెట్ అనే కార్యక్రమంలో దీనికి ఒక చక్కటి ఆట ఉంది. దాచి ఉంచిన గోళీల మీదికి గోళీలు దొర్లించాలి, ఎన్ని తగిలాయో లెక్కపెట్టాలి, అంతమాత్రంతో గోళీ వ్యాసం రాబట్టాలి. కావలసిన సామానంతా వంద రూపాయల్లో కిరాణా కొట్లో దొరుకుతుంది.

నేను చేసే పద్ధతి ఇది. గచ్చు మీద రెండడుగుల టైల్ ఒకటి చూసుకుంటాను, అంటే 60 సెంటీమీటర్లు. దానికి రెండు పక్కలా పుస్తకాలు పేర్చి గోడలు కడతాను. మధ్యలో ఆరు గోళీలు, కదలకుండా చిటికెడు బంకమట్టితో అతికించి, ఒకదాని వెనక ఒకటి నక్కకుండా ఎడంగా పెడతాను. వాటి మీద ఒక అట్టపెట్టె మూత, కింద గోళీ దూరేంత సందు వదిలి. ఒకరు దొర్లించాలి, ఒకరు టిక్కుమన్న చప్పుడు వినాలి, ఒకరు నోటుబుక్కులో గీతలు గీయాలి. గురి చూసి వేయకూడదు. టైల్ వెడల్పంతా వాడుకుంటూ ఎక్కడ పడితే అక్కడ వదలాలి. మగపిల్లలకు ఈ ఒక్క మాట ఎక్కడం కష్టం. గోళీ చేతికి అందితే చాలు, గురి దానంతటదే వచ్చేస్తుంది వాళ్లకి.

ఒక బ్యాచ్‌లో 200 సార్లు దొర్లిస్తే 61 తగిలాయి. లెక్క సులువు. 61ని 200తో భాగిస్తే తగిలే అవకాశం. దాన్ని 60తో హెచ్చవేసి ఆరుతో భాగిస్తే ఒక్కో గోళీ దారిలో ఎంత వెడల్పు అడ్డం పెడుతోందో వస్తుంది. వాళ్లకి 3.05 సెంటీమీటర్లు వచ్చింది. చేతిలో ఉన్న గోళీ చూస్తే ఒకటిన్నర. "సార్, లెక్క తప్పింది." టీచర్ నోరు కట్టేసుకోవాల్సిన సమయం ఇదే. కాసేపు గోల, భాగహారం మళ్లీ చేయడం, ఎవరో సరిగ్గా వినలేదని పోట్లాట. చివరికి వెనక బెంచీ అమ్మాయి ఒకతి రెండు గోళీలు పక్కపక్కన ఆనించి, "దొర్లేదానికి కూడా లావు ఉంది కదా సార్" అంది. దొర్లే గోళీ నిలబడ్డ గోళీని ఎడమ అంచున రాసుకున్నా తగిలినట్టే, కుడి అంచున రాసుకున్నా తగిలినట్టే. అంటే అడ్డం వెడల్పు రెండు వ్యాసాలంత. సగం చేస్తే 1.525. వెర్నియర్ పెట్టి కొలిస్తే 1.6.

పక్క బ్యాచ్‌కి అదే 200లో 70 తగిలాయి, వాళ్ల గోళీ 1.75 అయింది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఇన్నిసార్లు దొర్లిస్తే పదో వంతు అటూ ఇటూ కావడం మామూలే. రెండు బ్యాచ్‌లవీ కలిపితే 400లో 131, వ్యాసం 1.64. యూరప్‌లోని కణ పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్లు కోట్ల కోట్ల సార్లు కణాలను ఎందుకు ఢీకొట్టిస్తారో ఇక వివరించక్కర్లేదు, ఆ రెండు అంకెలూ బోర్డు మీద అలాగే ఉంచితే చాలు.

ఇబ్బందులు లేకపోలేదు. నలభై మంది క్లాసుకు కనీసం ఐదారు టైళ్లు కావాలి, పక్క క్లాసు టీచర్ వచ్చి చూసేంత గోల అవుతుంది, గోళీలు కాళ్ల కిందికి వస్తే జారిపడతారు. టైల్ చివర పాత దుప్పటి మడిచి అడ్డం వేయండి.

క్వార్కు ముక్కలు: త్రీడీ, కాగితం, కార్డులు

పిల్లలకు ప్రోటాన్, న్యూట్రాన్ తెలుసు. వాటిలోనూ ఇంకా చిన్నవి ఉన్నాయని 1964లో గెల్‌మన్, జ్వైగ్ విడివిడిగా ప్రతిపాదించారు. అప్ క్వార్కు విద్యుదావేశం +2/3, డౌన్ క్వార్కుది −1/3. ప్రోటాన్‌లో రెండు అప్‌లు ఒక డౌన్, న్యూట్రాన్‌లో ఒక అప్ రెండు డౌన్‌లు. ఈ కూర్పును పజిల్‌గా మార్చడానికి మూడు దారులున్నాయి.

మొదటిది త్రీడీ ప్రింటర్‌తో తీసే ముక్కలు. సెర్న్‌లో స్కూలు పిల్లల కోసం నడిపిన ప్రయోగశాల వాళ్లు ఈ పజిల్ డిజైన్‌ను ఉచితంగా పెట్టారు. కలవకూడనివి కలిస్తే ముక్కలు కుదురుకోవు. మీ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉండి, అందులో ప్రింటర్ మూల ముసుగేసుకుని కూర్చుంటే దాన్ని బయటికి తీయడానికి ఇది మంచి సాకు. కానీ నాకు దీని మీద ఒక ఫిర్యాదు ఉంది. నియమం ప్లాస్టిక్‌లో ఉండిపోతుంది, పిల్లవాడి బుర్రలోకి రాదు. ఏ జిగ్‌సా పజిల్‌లాగానో తిప్పి తిప్పి ఇరికించేస్తారు, ఎందుకు ఇరికిందో ఆలోచించరు. చూపు సరిగా లేని పిల్లలకు మాత్రం ఇదే మేలు. వేళ్లతో తడిమి ఆడగలిగే పార్టికల్ ఫిజిక్స్ ఇంకొకటి నాకు తెలియదు.

రెండోది కాగితం ముక్కలు. ఇందులో నేను ముక్కలతోపాటు రెండు జాబితాలు ఇస్తాను. ప్రకృతిలో దొరికినవి ఒకవైపు: అప్-అప్-డౌన్, అప్-డౌన్-డౌన్, అప్-యాంటీడౌన్, మూడు స్ట్రేంజ్‌లు (ఇది ఇంకో రకం క్వార్కు). ఎవరికీ ఎప్పుడూ దొరకనివి రెండోవైపు: ఒంటరి అప్, అప్-అప్, అప్-డౌన్, ఏవైనా నాలుగు క్వార్కులు. స్ట్రేంజ్ ఆవేశం కూడా −1/3 అనీ, యాంటీ అంటే గుర్తు తిరగబడుతుందనీ చెప్పి వదిలేస్తాను. పది నిమిషాల్లోపు ఎవరో ఒకరు అరుస్తారు: "మొత్తం ఆవేశం పూర్తి సంఖ్య అయితేనే దొరుకుతోంది సార్!" భిన్నాల కూడిక మీద పిల్లలు ఇంత ఉత్సాహం చూపించిన సందర్భం నా సర్వీసులో ఇంకొకటి లేదు.

ఆ తర్వాతే రంగులు చెబుతాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వాటికి వ్యతిరేక రంగులు. మూడు రంగులూ కలవాలి, లేదా ఒక రంగూ దాని వ్యతిరేక రంగూ కలవాలి. ఇక్కడ చురుకైన పిల్లలు ఒక గమ్మత్తు పట్టుకుంటారు. ఏ రకం క్వార్కులు ఎన్ని ఉండొచ్చన్నంతవరకు రంగు నియమం ఇచ్చే జాబితా, ఆవేశం నియమం ఇచ్చే జాబితా ఒకటే. కావాలంటే వేసి చూడండి. ఏ మూడు క్వార్కులు తీసుకున్నా ఆవేశం పూర్తి సంఖ్యే, ఏ క్వార్కు-యాంటీక్వార్కు జత తీసుకున్నా అంతే. మరి రంగు ఎందుకు తెచ్చారు? మూడు అప్‌లు కలిసిన డెల్టా అనే కణం ఉంది. ఒకే రకం క్వార్కులు మూడు ఒకే స్థితిలో ఇమడకూడదన్నది క్వాంటం నియమం. అయినా ఇమిడాయంటే వాటి మధ్య మనకు తెలియని తేడా ఏదో ఉండాలి. ఆ తేడాకే రంగు అని పేరు పెట్టారు. హైస్కూల్లో ఇంతవరకు చాలు.

రంగు అన్న మాటతో జాగ్రత్త. క్వార్కుకి నిజంగా ఎర్ర రంగు ఉండదని పదిసార్లు చెప్పినా పదకొండోసారి పరీక్షలో అలాగే రాస్తారు. ఎరుపు-ఆకుపచ్చ తేడా కనపడని పిల్లలు కూడా క్లాసులో ఉండొచ్చు. అందుకే నేను రంగుతోపాటు చుక్క, గీత, గళ్లు కూడా వేస్తాను. యాంటీ ముక్కలకు అంచు నల్లగా.

మూడోది కార్డులు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రమ్మీ తెలిసినవాళ్లకు చెప్పడం సులువు. రమ్మీలో సెట్టంటే అంకె ఒకటే, ఆటీనో ఇస్పేటో కళావరో ఏ రెండూ ఒకటి కాకూడదు. ఇక్కడ అంకె పట్టింపు లేదు, మూడు రంగులూ వేర్వేరుగా ఉంటే సెట్టు. రంగు, దాని వ్యతిరేక రంగు కలిస్తే జత. అప్, డౌన్, స్ట్రేంజ్ మూడు రకాలు, మూడు రంగులు, మళ్లీ వాటి యాంటీలు, మొత్తం 18 రకాల ముక్కలు. ఒక్కోటి మూడేసి చేస్తే 54, నలుగురికి సరిపోతుంది. తలా ఏడు పంచండి. ఒకటి ఎత్తి ఒకటి కొట్టాలి. ఒక సెట్టు, రెండు జతలు పడితే షో. షో చేసినవాళ్లు తమ సెట్టు పేరు చెప్పగలిగితే అదనంగా పది పాయింట్లు. ప్రోటానా, న్యూట్రానా, మూడు స్ట్రేంజ్‌లు కూడి 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో దొరికిన ఒమేగానా? కూరగాయల పరీక్షలో ఇది నెగ్గుతుంది. పేర్లు మార్చేస్తే ఆవేశం లెక్కకు అర్థం పోతుంది, సెట్టు ఏ కణమో చెప్పలేరు, అసలు ఫిజిక్స్ అక్కడే ఉంది.

హంగరీలో హైస్కూలు విద్యార్థులే ఇలాంటి కణాల కార్డులాట ఒకటి తయారుచేశారు, అది కొనుక్కోవచ్చు కూడా. అయితే పిల్లల చేతే అట్టముక్కలు కత్తిరించి చేయించడంలో ఉన్న లాభం వేరు. ముక్కలు చేస్తుండగానే 18 ఎందుకు వచ్చాయో వాళ్లకి అర్థమవుతుంది. ఇంకో మాట. కార్డులు గుండ్రంగా కత్తిరించండి, రమ్మీ అనకండి. ఒకసారి ఒక నాన్నగారు "స్కూల్లో పేకాట నేర్పుతున్నారటగా" అని వచ్చి కూర్చున్నారు. ఆయనకు ప్రోటాన్ కూర్పు వివరించేసరికి నాకు ఒక పీరియడ్ పోయింది. వెళ్లేముందు ఒక ఆట ఆడారనుకోండి.

ఈ ఆటలోనే నేనొకసారి బోల్తా పడ్డాను. ఒక పిల్లాడు ఐదు ముక్కలు పరిచి, "సెట్టు, జత కలిపి ఒకే కణం సార్" అన్నాడు. కాదు, విడివిడిగా పెట్టు అన్నాను. ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది. నాలుగు క్వార్కులు, ఒక యాంటీక్వార్కు కలిసిన పెంటాక్వార్కును సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం 2015లో ప్రకటించింది. మర్నాడు క్లాసులో వాడికి పదిహేను పాయింట్లు ఇచ్చి, తప్పు నాదేనని చెప్పాను.

ముక్కల పజిల్ ఏదైనా సరే రెండు అబద్ధాలు చెబుతుంది, అవి మీరే బయట పెట్టాలి. ఒకటి, ముక్కను చేత్తో పట్టుకుని "ఇదిగో క్వార్కు" అని చూపించవచ్చు. ప్రకృతిలో ఒంటరి క్వార్కు ఎవరికీ చిక్కలేదు. రెండోది బరువు. అప్ ద్రవ్యరాశి సుమారు 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువు చెప్పే కొలత), డౌన్‌ది సుమారు 5. మూడు ముక్కలు కలిపితే 9 వస్తుంది. ప్రోటాన్ మాత్రం 938. నూటికి ఒక్క వంతే ముక్కలది. మిగతాదంతా వాటిని కట్టిపడేసే బలం తాలూకు శక్తి, ఆ క్వార్కుల కదలికల శక్తి. కొట్టువాడు కిలో పంచదార కడితే అందులో పది గ్రాములే పంచదార ఉన్నట్టు! ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ప్లాస్టిక్ ముక్కల దగ్గర ఎప్పుడూ అలా కాలేదు.

చింతపిక్కలు

అష్టాచెమ్మా ఆడిన ఇళ్లలో చీల్చిన చింతపిక్కలు ఉంటాయి, ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. వంద పిక్కలు సంచిలో వేసి కుదిపి నేల మీద పోయండి. తెల్లగా పడ్డవి చనిపోయిన కణాలు, పక్కకి తీసేయండి. మిగిలినవి లెక్కపెట్టి మళ్లీ పోయండి. ఏడెనిమిది సార్లకు ఒకటీ అరా మిగులుతాయి. గ్రాఫు గీస్తే జారుడుబల్ల లాంటి వంపు వస్తుంది. తెలుపు సరిగ్గా సగం పడకపోయినా ఫర్వాలేదు. ప్రతిసారీ ఇంచుమించు అదే వంతు పడుతోందా అన్నదే చూడాలి.

ఆఖర్న మిగిలిన పిక్కను చేతిలోకి తీసుకుని ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ముసలిదైపోయింది, ఈసారి తప్పకుండా పోతుందా?" చాలామంది అవునంటారు. వేసి చూస్తే పిక్కకు వయసు లేదని తెలుస్తుంది, కణానికీ అంతే. మ్యుయాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే బరువైన కణం. దాని సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు చేస్తే అందులో 2.2 వంతులు. కాంతి వేగంతో పోయినా ఆ కాలంలో 660 మీటర్లు దాటదు. కానీ పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున పుట్టిన మ్యుయాన్లు మీ అరచేతిలోంచి సెకనుకి ఒకటో రెండో దూసుకుపోతున్నాయి. ఎలా వచ్చాయి? వేగంగా పోయేవాటికి కాలం నెమ్మదిస్తుందన్న ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతంలోకి ఇంతకంటే చవకైన తలుపు నాకు కనపడలేదు. పాచికలతోనూ చేయొచ్చు గానీ వంద పాచికలు ఎవరు కొంటారు?

క్లౌడ్ చాంబర్

ఇది ఆట కాదు, దర్శనం. అట్టడుగున డ్రై ఐస్, దాని మీద నల్లటి లోహపు పళ్లెం, పైన పారదర్శకమైన పెట్టె, పెట్టె లోపల పైభాగాన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్త. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల చల్లదనానికి ఆల్కహాల్ ఆవిరి బొట్లు కట్టబోయి ఆగుతుంది. ఆవేశమున్న కణం దూసుకుపోతే దాని దారి పొడుగునా సన్నటి మంచు తీగ. పక్కనుంచి టార్చి వేస్తే కనపడుతుంది. తిన్నగా పోయే పొడుగు గీత మ్యుయాన్ కావచ్చు, పొట్టిగా లావుగా ఉన్నది ఆల్ఫా, కోడి గీకినట్టు వంకరటింకరగా పోయేది ఎలక్ట్రాన్. 1932లో ఆండర్సన్ ఎలక్ట్రాన్‌కి యాంటీ అయిన పాజిట్రాన్‌ను పట్టుకున్నది క్లౌడ్ చాంబర్‌తోనే. గోళీలు, కార్డులు ఎన్ని ఆడించినా ఈ మొదటి గీత చూసినప్పుడు పిల్లల మొహాల్లో వచ్చే వెలుగు వేరు, అది ఒప్పుకోవాలి.

కానీ కష్టాలు కూడా అంతే ఉన్నాయి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నీళ్లు ఎక్కువ, పనికిరాదు. 99 శాతం శుద్ధమైనది కెమికల్స్ అమ్మేవాళ్ల దగ్గర తెచ్చుకోవాలి. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల డ్రై ఐస్ తేలిగ్గా దొరుకుతుంది. చిన్న ఊళ్లకు తెప్పించుకోవాలంటే సాయంత్రం థర్మోకోల్ డబ్బాలో బయల్దేరింది పొద్దున్నకి ఎంత మిగులుతుందో దేవుడికెరుక. ఒక ఏడాది నాకు ఐదు కిలోలు చెప్తే మర్నాడు మధ్యాహ్నానికి చేరింది. మూత తీస్తే అడుగున గుప్పెడు. బయట జిల్లా నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు వరుస కట్టి ఉన్నారు. ఆ రోజు నన్ను కాపాడినవి జేబులో ఉన్న గోళీలే.

భద్రత విషయంలో రాజీ వద్దు. వట్టి చేతులతో ముట్టుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది, మందపాటి గ్లవ్స్ కావాలి. మూత బిగించిన సీసాలో వేస్తే పేలుతుంది. ఏసీ గది మూసేసి చేయకూడదు, కిటికీలు తెరవండి, కార్లో తెచ్చేటప్పుడు కూడా అద్దాలు దించండి. గీతలు ఎక్కువ కనపడాలని థోరియం ఉన్న పాత పెట్రోమాక్స్ మాంటిల్స్ పెట్టేవాళ్లున్నారు. ఆంధ్ర తీరపు మోనజైట్ ఇసుకలో ఉండే థోరియమే అది. పిల్లల మధ్య అది వద్దని నా మాట. ఆకాశం నుంచి రాలే కణాలు చాలు, కాస్త ఓపిక పట్టాలి అంతే.

పైగా ఒక పెట్టె చుట్టూ నలభై మంది చేరితే తిరుమలలో "జరగండి జరగండి" అన్నట్టే ఉంటుంది. దీన్ని పజిల్‌గా మార్చాలంటే ఐదుగురికొక బ్యాచ్ చేసి, ఐదు నిమిషాల్లో తిన్నటి గీతలెన్ని, వంకర గీతలెన్ని లెక్క రాయమనండి. ఫోన్ కెమెరాను టీవీకి కలిపితే మిగతావాళ్లూ చూస్తారు. ఎదురుచూసేవాళ్లకి కోలార్ కథ చెప్పండి. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే ఉన్న ఆ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో మన టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ వాళ్లతో కలిసి వాతావరణంలో పుట్టి, దాదాపు దేనికీ తగలకుండా చొచ్చుకుపోయే న్యూట్రినోల జాడ పట్టారు. అంత లోతుకి ఎందుకు దిగాల్సి వచ్చిందో పిల్లలనే చెప్పమనండి. పైనుంచి పడే ఈ మ్యుయాన్ల వర్షాన్ని తప్పించుకోవడానికే.

అసలు డేటాతో డిటెక్టివ్ పని

అంతర్జాతీయ మాస్టర్‌క్లాసులని 2005 నుంచి ఏటా జరుగుతున్నాయి. 15 నుంచి 19 ఏళ్ల పిల్లలు ఒక రోజు యూనివర్సిటీకో పరిశోధన సంస్థకో వెళ్లి, సెర్న్‌లో నిజంగా జరిగిన ఢీకొనుళ్లను కంప్యూటర్‌లో తెరిచి, ఏ గీత ఏ కణానిదో తేల్చి, సాయంత్రం వీడియోలో వేరే దేశాల పిల్లలతో ఫలితాలు పోల్చుకుంటారు. రెండు మ్యుయాన్ల శక్తి నుంచి, వాటిగా విడిపోయిన జెడ్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి లెక్కగట్టి పట్టీల గ్రాఫు గీస్తే 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గుట్ట లేస్తుంది. ఇంతకుమించిన ఆట లేదు. అవకాశం వస్తే పంపండి. చిక్కల్లా మన ఇంటర్ పిల్లల తీరిక. ఎంసెట్‌కి పేరు మారింది గానీ టెన్షన్ మారలేదు. ఈ క్లాసులేమో సరిగ్గా పరీక్షల కాలంలో పడతాయి.

అందుకే నేను కాగితం దారి పట్టాను. ఢీకొనుడు చిత్రాలు ఎనిమిదో పదో ప్రింట్ తీసి బ్యాచ్‌కి ఒక కట్ట ఇస్తాను. ఆనవాళ్లు నాలుగే. గీత ఉండి లోపలి పొరలోనే శక్తంతా దించేసి ఆగిపోతే ఎలక్ట్రాన్. గీత లేకుండా అక్కడే శక్తి పడితే ఫోటాన్. అన్ని పొరలూ చీల్చుకుని బయటిదాకా పోతే మ్యుయాన్. అసలేమీ కనపడకుండా లెక్కలో మాత్రం ఒక పక్కకి వెలితి వస్తే న్యూట్రినో. ఇంట్లో పెరుగు గిన్నె ఖాళీ, చుట్టూ ఎవరూ లేరు, కిటికీ తెరిచి ఉంది అన్నట్టు. పదో తరగతి వాళ్లు కూడా నలభై నిమిషాల్లో పది చిత్రాలు తేల్చేస్తారు. గుట్ట లేచే గ్రాఫు మాత్రం కాగితం మీద రాదు, దానికి వందల ఘటనలు కావాలి, కంప్యూటర్ గది కావాలి.

మిగిలిన చిన్నవి

మూసిన స్వీట్ డబ్బాలో ఏదో వేసి ఊపి, వాలించి, లోపల ఏముందో ఊహించడం ఆరో తరగతి నుంచి పనికొస్తుంది. షరతు ఒక్కటే, ఆఖర్న డబ్బా తెరవకూడదు. పిల్లలు మీ మీద కోపం తెచ్చుకుంటారు, తెచ్చుకోనివ్వండి. శాస్త్రవేత్తలకీ ప్రోటాన్ మూత తీసి చూపించినవాళ్లు లేరు.

కణాల ట్రంప్ కార్డులు, అంటే ద్రవ్యరాశి, ఆవేశం, దొరికిన ఏడాది రాసి క్రికెట్ కార్డుల్లా ఆడేవి, తయారుచేయడం సులువే. ఎలక్ట్రాన్ 1897, మ్యుయాన్ 1936, టాప్ క్వార్కు 1995, హిగ్స్ 2012. కానీ ఎక్కువ అంకె ఉన్నవాడు గెలుస్తాడు, వంకాయలతోనూ గెలుస్తాడు. ఆడించడం మానేసి అవే కార్డులు కుప్ప పోసి "మీకు తోచినట్టు వరసలు పేర్చండి" అంటే మాత్రం మంచి పజిల్ అవుతుంది. కొన్ని బ్యాచ్‌లు శాస్త్రవేత్తలు కణాలను పేర్చుకున్న మూడు తరాల కుటుంబ వృక్షం దాకా వచ్చేస్తాయి.

కొనే బోర్డు గేముల్లో మంచివి లేవని కాదు. క్వార్కుల నుంచి పరమాణువు దాకా కట్టుకుంటూ పోయేవి ఒకటి రెండు బాగానే ఉంటాయి. కానీ ఒక పెట్టెతో నలుగురైదుగురే ఆడతారు, మిగతా ముప్పై ఐదు మంది చూస్తూ కూర్చోవాలి. నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, అది చదివి తెలుగులో చెప్పేసరికి బెల్లు కొడతారు. సైన్స్ క్లబ్బుకో, ఇంట్లో ఇద్దరు పిల్లలకో అయితే కొనండి. కొన్నా, మొదటి రోజు ఆ పుస్తకం దాచేయండి. ఇద్దరు టీచర్లు కూర్చుని మాట్లాడకుండా నాలుగు ఎత్తులు ఆడి చూపించండి, ఏది కలిసింది ఏది కలవలేదు చూసి నియమమేమిటో పిల్లల్నే బోర్డు మీద రాయమనండి.